విమాన దూరాలు – 4వ పాఠం: నిమిషాలు దశాంశాలు కావు

ఈసారి ప్రయాణ సమయం మొదలుపెడదామనుకున్నాను. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం నుంచి వచ్చిన జవాబులు చూశాక పాత పాఠాన్ని మళ్లీ తెరవక తప్పడం లేదు.

విశాఖపట్నం, భువనేశ్వర్ విమానాశ్రయాల మధ్య నేరు దూరం అడిగాను. చాలామంది 391 కిలోమీటర్లని రాశారు. సరైన జవాబు 392. ఒక్క కిలోమీటరు తేడాకు నేనేమీ అనను. ఆ 391 వచ్చిన దారే నాకు మింగుడు పడలేదు. విశాఖ అక్షాంశం 17 డిగ్రీల 43 నిమిషాలైతే, దాన్ని 17.43గా తీసుకుని లెక్క చేశారు.

డిగ్రీకి 60 నిమిషాలు, 100 కాదు. 43ను 60తో భాగిస్తే 0.717. కాబట్టి విశాఖ 17.717. భువనేశ్వర్ 20 డిగ్రీల 15 నిమిషాలు, అంటే పావు డిగ్రీ, 20.25. దాన్ని 20.15 అని రాస్తే పది కిలోమీటర్లకు పైగా దక్షిణానికి జరిపినట్టే. రేఖాంశాలు విశాఖకు 83 డిగ్రీల 13 నిమిషాలు, భువనేశ్వర్‌కు 85 డిగ్రీల 49 నిమిషాలు. వీటినీ అలాగే మార్చాలి: 83.217, 85.817.

మరి తప్పు లెక్కకు దాదాపు సరైన జవాబెలా వచ్చింది? ఉత్తరం వైపు (అక్షాంశాల తేడాను 111తో గుణిస్తే) 281 కిలోమీటర్లు రావలసింది 302 అయింది. తూర్పు వైపు (రేఖాంశాల తేడాను 105తో గుణిస్తే) 273 రావలసింది 248 అయింది. ఈ రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే వచ్చేదే నేరు దూరం. ఒకటి పెరిగి, ఇంకొకటి తగ్గి, తప్పులు ఒకదాన్నొకటి కప్పేశాయి. ఇలాంటి జవాబు తప్పు జవాబు కన్నా ప్రమాదం, ఎందుకంటే మళ్లీ సరిచూసుకోవాలని ఎవరికీ తోచదు.

అదే పద్ధతిని విశాఖ–రాయపూర్‌కు వాడండి. రాయపూర్ విమానాశ్రయం 21 డిగ్రీల 11 నిమిషాలు, 81 డిగ్రీల 44 నిమిషాలు. సరిగ్గా చేస్తే 415 కిలోమీటర్లు. నిమిషాలను దశాంశాలుగా చదివితే 445. ముప్పై కిలోమీటర్లు ఎక్కడినుంచో పుట్టుకొచ్చాయి! (రాయగడ మీదుగా వెళ్లే రైలు మార్గం పొడవు రాసినవారూ ఉన్నారు. మనం కొలిచేది ఆకాశంలో నేరు దూరం.)

ఉత్తర దక్షిణాలకు డిగ్రీకి 111 కిలోమీటర్లు, తూర్పు పడమరలకు 105 అని కిందటిసారే చెప్పాను. కొసైన్ పట్టిక తీయకుండా నేను వాడే అడ్డదారి ఇది. శ్రీకాకుళం నుంచి కటక్ దాకా చక్కగా పనికొస్తుంది. ఢిల్లీ లెక్కకు మాత్రం వాడకండి, ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరపడతాయి, అక్కడ తూర్పు పడమరలకు డిగ్రీకి 98 కూడా రాదు.

ఇక సమయం. జెట్ వేగం గంటకు 800 కిలోమీటర్లనుకుంటే, 392ను 800తో భాగిస్తే 0.49 గంట. ఇది 49 నిమిషాలు కాదు! 60తో గుణించండి: 29 నిమిషాలు. ఇక్కడా అదే ఉచ్చు, తిరగేసి పన్నారంతే. పైకి లేవడానికి, దిగడానికి, విమానం నేల మీద రన్‌వే దాకా కదలడానికి నేను అరగంట కలుపుతాను. టైంటేబుల్‌లో ఉండేది విమానం నిలిచిన చోటు నుంచి కదిలి, అవతల ఆగేదాకా పట్టే సమయం కాబట్టి, గంటకు అటూ ఇటూగా ఉంటుంది. గంటకు 500 కిలోమీటర్లు వెళ్లే ఏటీఆర్‌కైతే (రెక్కల మీద ప్రొపెల్లర్లుండే విమానం) గాలిలో 47 నిమిషాలు, పైన ఇరవై నిమిషాలు కలిపితే చాలు.

అభ్యాసం: కొరాపుట్ జిల్లా జయపురం విమానాశ్రయం 18 డిగ్రీల 53 నిమిషాలు, 82 డిగ్రీల 33 నిమిషాలు. అక్కడినుంచి భువనేశ్వర్‌కు, విశాఖకు, రాయపూర్‌కు దూరాలు కట్టండి. గంటకు 300 కిలోమీటర్ల చిన్న విమానానికి ఒకసారి, ఏటీఆర్‌కు ఒకసారి సమయం తీయండి. ప్రతి దూరాన్నీ తప్పు పద్ధతిలో కూడా కట్టి, తేడా ఏ దిక్కున ఎంత వచ్చిందో పక్కన రాయండి. జవాబు ఒక్కటే పంపితే దిద్దను, మెట్లన్నీ కావాలి.