పసిబిడ్డ వినికిడి పరీక్షకు ముందు జాగ్రత్తలు

• పుట్టిన 24 గంటలు దాటాక ఓఏఈ పరీక్ష (చెవిలో చిన్న శబ్దం వినిపించి లోపలి చెవి స్పందన చూసేది) చేయిస్తే మేలు. అంతకుముందు చెవిలో ఉమ్మనీరు, తెల్లటి జిడ్డు మిగిలి ఉంటే ఫలితం తేడాగా రావచ్చు.

• కడుపునిండా పాలు పట్టి, తేన్పు వచ్చాక నిద్రపుచ్చండి. ఏడుపే కాదు, పెదాలు చప్పరిస్తున్నా మిషన్‌కు అడ్డమే.

• చెవిలో నూనె చుక్కలు వేయొద్దని స్నానం చేయించేవాళ్లకు గట్టిగా చెప్పండి. (ఒకసారి చెబితే వినరు.)

• ఫోన్లు సైలెంట్‌లో, చుట్టాలు బయట.

• బిడ్డ ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూ) 5 రోజులకు మించి ఉన్నా, కామెర్లకు రక్తం మార్చినా ముందే చెప్పండి. ఓఏఈ ఒక్కటే చాలదు, బెరా (శబ్దం చెవి నుంచి మెదడుకు చేరుతోందో లేదో చూసే పరీక్ష) కూడా అడగండి.

• ‘రిఫర్’ అని వస్తే టెన్షన్ వద్దు. చెవుడని కాదు, మళ్లీ చూడాలని అర్థం. ఆ తేదీ అక్కడే రాయించుకోండి. బిడ్డకు 3 నెలలు నిండేలోపు సంగతి తేలాలి.