రిమోట్ వర్క్ వీసాకు ఏజెంటుకు డబ్బు కట్టే ముందు

రిమోట్ వర్క్ వీసా అంటే ఒక దేశంలో ఉంటూ, బయటి దేశపు కంపెనీకి ఆన్‌లైన్‌లో పనిచేసుకోనిచ్చే వీసా. నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ఏజెంటు ముందు కూర్చునేలోపు మీరు వెళ్లాలనుకున్న దేశ ప్రభుత్వ వెబ్‌సైటు ఒకసారి చదవండి. దుబాయ్ రిమోట్ వర్క్ వీసాకు నెలకు 3,500 డాలర్ల ఆదాయం చూపాలి. అంత రానప్పుడు ఎవరికి ఎంత కట్టినా వృథానే.

"వీసా గ్యారంటీ" అన్నారంటే లేచి వచ్చేయండి. ఇచ్చేది ఆ దేశమే, ఏజెంటు కాదు.

ప్రభుత్వ ఫీజు ఎంత, సర్వీసు చార్జి ఎంత, రిజెక్ట్ అయితే వెనక్కి ఎంత? మూడూ రసీదులో విడివిడిగా రాయించండి. మా తమ్ముడికి ఇచ్చిన చీటీలో "ప్రాసెసింగ్" అన్న ఒక్క మాటే ఉంది. కావలి నుంచి ఆరుసార్లు తిరిగినా పైసా రాలేదు.

ఒరిజినల్ పాస్‌పోర్టు ఏజెంటు దగ్గర ఉంచొద్దు, ఓటీపీ చెప్పొద్దు. అప్లికేషన్‌లో మీ ఈమెయిలు, మీ ఫోన్ నంబరే ఉండాలి. పోలీస్ క్లియరెన్స్‌కు (మీ మీద కేసుల్లేవని చెప్పే సర్టిఫికెట్‌కు) పాస్‌పోర్టు సేవా సైటులో 500 రూపాయలతో మీరే అప్లై చేసుకోవచ్చు.

బ్యాంకు స్టేట్‌మెంటు "సర్దుతాం" అంటే, అంటే లేని ఆదాయం ఉన్నట్టు చూపిస్తామంటే మాత్రం అసలు ఒప్పుకోకండి. కింద సంతకం మీదే.