బట్టల్లోనే విరేచనం అవుతోందా? ఆపే మాత్ర కొనేముందు ఒక్కటి చూడండి

మా ఆవిడకు డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, వచ్చి ఇది ఏడో ఏడు. నేను కందుకూరు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. మా ఇంట్లోనే కాదు, మా వీధిలోనూ, ఉలవపాడు, సింగరాయకొండ వైపు చుట్టాల ఇళ్ళలోనూ ఇదే బాధ చూస్తూ వచ్చాను. ఎవరైనా ఫోన్ చేసి ‘బట్టల్లోనే అయిపోతోంది, ఏం చెయ్యాలో తోచట్లేదు’ అంటే నేను అడిగేది ఒకటే. గట్టి మోషన్ చివరిసారి ఎప్పుడయింది?

‘రోజూ అవుతూనే ఉంది కదా, అదేగా బాధ’ అంటారు. నేనడిగేది కారుతున్న నీళ్ళ గురించి కాదు. రూపం ఉన్న మలం, కడుపు ఖాళీ అయ్యేంత, ఏ తారీఖున వచ్చింది? ఇంతవరకు ఒక్కరు కూడా తారీఖు చెప్పలేదు. కొందరు లోపలికెళ్ళి ఆ మనిషినే అడిగొస్తారు. ‘పొద్దున అయిందంట’ అని నాకు చెబుతారు. పొద్దున ఇడ్లీ తిన్నదీ లేనిదీ గుర్తులేని మనిషిని అడిగి, ఆ మాట నమ్మి మందులు కొంటారు. దయచేసి గోడ మీది క్యాలెండర్ తీసుకోండి. ప్రతిసారీ మీ కళ్ళతో చూసి, గట్టిగా వచ్చిందా, పల్చగా వచ్చిందా, కొంచెమా, నిండుగానా అన్నది ఆ తేదీ గడిలో రాయండి. ఫ్లష్ మీరే చేయండి, వాళ్ళని చేయనివ్వకండి. వారం రాస్తే సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

కడగడం, డైపర్ మార్చడం, పరుపు మీద రెక్సిన్ వేయడం మీకు వచ్చనే అనుకుని మిగతాది రాస్తున్నాను.

రోజుకోసారి, నిండుగా, మామూలు మోషనే బట్టల్లో అవుతుంటే

ఇందులో పేగుల తప్పేమీ లేదు. మనిషి బాత్రూమ్ దాకా చేరలేకపోయింది. మూసి ఉన్న తలుపు వెనక ఏముందో గుర్తు లేకపోవచ్చు. పాత ఇళ్ళలో బాత్రూమ్ పెరట్లో ఉంటుంది, రాత్రిపూట అటు చీకటి. చేరినా చీర కుచ్చిళ్ళు తీయడం రాదు, మగవాళ్ళయితే పైజామా బొందు ముడి పడిపోతుంది. కాబట్టి తలుపు తెరిచి ఉంచండి, రాత్రంతా లైటు వేసి ఉంచండి, చీర బదులు నైటీ, బొందు బదులు ఎలాస్టిక్. తెల్ల టైల్స్ మీద తెల్ల కమోడ్ వీళ్ళ కంటికి సరిగా ఆనదు. రంగు సీటు వేయిస్తే తేడా మీకే తెలుస్తుంది.

ముఖ్యమైనది టైము. తిన్న తర్వాత పెద్దపేగు కదులుతుంది, పొద్దున పూట ఆ కదలిక ఇంకా బలంగా ఉంటుంది. టిఫిన్ అయిన 20, 30 నిమిషాలకు ‘వస్తోందా’ అని అడక్కుండా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టండి. కాళ్ళ కింద చిన్న పీట వేస్తే మోకాళ్ళు పైకి లేస్తాయి, కింద కూర్చుని అలవాటైన ఒంటికి సులువుగా వస్తుంది. 10 నిమిషాలు చూసి రాకపోతే లేపేయండి. చీర కొంగు లాక్కోవడం, కుర్చీలో అటూ ఇటూ కదలడం, ఉన్నట్టుండి మూలకెళ్ళి నిలబడడం, ఇవన్నీ ఆ మనిషి ‘వస్తోంది’ అని చెప్పడమే.

కొత్త మందు మొదలైన వారంలో నీళ్ళ విరేచనాలు పట్టుకుంటే

జ్ఞాపకశక్తి కోసం ఇచ్చే డోనెపెజిల్ విరేచనాలు తెస్తుంది, మరీ ముఖ్యంగా మొదలుపెట్టినప్పుడూ, 5 ఎంజీ నుంచి 10కి పెంచినప్పుడూ. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ కూడా అంతే. యాంటీబయాటిక్ కోర్సు తర్వాత కూడా వస్తాయి. మీ అంతట మీరు ఆపకండి, డాక్టర్‌కి తారీఖులతో సహా చెప్పండి, డోసు గానీ రకం గానీ మారుస్తారు. మామిడిపళ్ళ రోజుల్లో అయితే మందుల కంటే ముందు పళ్ళబుట్ట వైపు చూడండి. తిన్న సంగతి మర్చిపోయి ఇంకో రెండు తింటారు.

కొంచెం కొంచెంగా, రోజుకు ఆరేడుసార్లు, నీళ్ళలా కారుతుంటే

అందరం దెబ్బతినేది ఇక్కడే. నేనూ తిన్నాను.

నాలుగేళ్ళ కిందట, రోహిణి కార్తె ఎండలు. అంతకు నెల ముందు మా ఆవిడకు మూత్రం ఆగట్లేదని చూపిస్తే ఒక మాత్ర రాశారు. అది మూత్రాశయంతో పాటు పేగుల కదలికను కూడా మందగింపజేస్తుందని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆమెకేమో దాహం అన్నదే తెలియదు, గ్లాసు ముందు పెట్టినా అట్టాగే చూస్తూ కూర్చుంటుంది. ఒకరోజు చీర వెనక గోధుమరంగు మరక. మర్నాడు నాలుగుసార్లు. తర్వాత ఏడెనిమిదిసార్లు, చెంచాడు చెంచాడు నీళ్ళు, భరించలేని వాసన. అవుతున్నట్టు ఆమెకు తెలియడం కూడా లేదు. లూజ్ మోషన్స్ అనుకున్నాను. మెడికల్ షాపుకెళ్ళి విరేచనాలు ఆపే మాత్ర, లోపెరమైడ్, తెచ్చి వేశాను. ఒకరోజు ఆగింది, హమ్మయ్య అనుకున్నాను. మూడోరోజు మళ్ళీ మొదలైంది, ఇంకో మాత్ర వేశాను.

అన్నం మానేసింది. రాత్రిళ్ళు లేచి వెనక చెయ్యి పెట్టి లాక్కుంటోంది. ఒక తెల్లవారుజామున లేచి చూస్తే గోడకు మరకలు, గోళ్ళ నిండా మలం, మార్చిన చీర ఉండచుట్టి బియ్యం డబ్బా వెనక దాచిపెట్టి ఉంది. నేను గట్టిగా అరిచాను. ‘నేను కాదండీ’ అని చేతులు వెనక్కి పెట్టుకుంది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మా వీధిలో రిటైరైన నర్సు ఒకామె ఉంది. పిలిస్తే వచ్చి ముందు పొట్ట మీద చెయ్యి వేసింది. ఎడమవైపు కింద గట్టిగా, నొక్కితే మా ఆవిడ ముఖం ముడుచుకుంది. గ్లౌజ్ వేసుకుని మలద్వారంలో వేలితో చూసి, ‘అన్నా, ఇది విరేచనాలు కాదు, లోపల రాయి మాదిరి అడ్డం పడింది. నువ్వేమో దాన్ని ఇంకా బిగించే మాత్ర వేస్తున్నావు’ అంది.

జరిగేది ఇది. మలం రోజుల తరబడి లోపలే ఉండిపోతే పెద్దపేగు అందులోని నీళ్ళన్నీ లాగేస్తుంది, అది గట్టి ముద్దయి కింద బిరడాలా బిగుస్తుంది. పైనుంచి వచ్చే పల్చటి మలం ఆ ముద్ద పక్కల సందుల్లోంచి కారుతుంది. ముద్ద వల్ల సాగిపోయిన కండరం బిగుసుకోలేదు కాబట్టి ఆపుకోవడం ఉండదు. పైకి విరేచనాల్లా కనిపించేది అసలు మలబద్ధకం. దీనికి లోపెరమైడ్ వేస్తే పేగు మరింత నెమ్మదించి ముద్ద ఇంకా పెరుగుతుంది.

గుర్తుపట్టడం ఎలా అంటే: పల్చగా కారడానికి ముందు కొన్ని రోజులు గట్టి మోషన్ లేదు. వచ్చేది ప్రతిసారీ కొంచెమే. పొట్ట ఉబ్బి ఉంటుంది, అన్నం వద్దంటారు, కొందరికి మూత్రం కూడా సరిగా రాదు. మనిషి మామూలు కంటే ఎక్కువ అయోమయంగా, చిరాకుగా ఉంటుంది. జబ్బు ముదిరిందని మనం అనుకుంటాం, ముద్ద పోయాక మళ్ళీ మునుపటిలా అవుతుంది. అసలైన నీళ్ళ విరేచనాలైతే ఒక్కసారిగా మొదలై నిండుగా పోతాయి, చాలాసార్లు జ్వరమో వాంతులో, ఇంట్లో ఇంకెవరికైనా అదే బాధో తోడుంటాయి.

పరిష్కారంలో మొదటిది, ఆపే మాత్ర ఆపడం. రెండోది, డాక్టరో నర్సో వేలితో పరీక్ష చేయడం. వేలికి ఏమీ తగలకపోయినా లేదని కాదు, ముద్ద పైన ఉండొచ్చు, పొట్ట ఎక్స్‌రేలో కనబడుతుంది. తర్వాత వాళ్ళు సపోజిటరీ (మలద్వారంలో పెట్టే మాత్ర) గానీ ఎనిమా (మలద్వారం గుండా ఎక్కించే మందు నీళ్ళు) గానీ పెడతారు, మలాన్ని మెత్తబరిచే పాలీ ఇథిలీన్ గ్లైకాల్ పొడో, లాక్టులోజ్ సిరపో రాస్తారు. ఎనిమా షాపులో కొని మీరే పెట్టేయకండి. ఫాస్ఫేట్ ఎనిమా కిడ్నీ బాగాలేని పెద్దవాళ్ళకు ప్రమాదం.

ఇక్కడ రెండో తప్పు చేస్తారు. ఒక పెద్ద మోషన్ రాగానే పని అయిపోయిందనుకుని పొడి ఆపేస్తారు. ఇంకా బోలెడు లోపలే ఉంటుంది. రెండు మూడు రోజులు ఇల్లంతా మోషనే అవుతుంది, డైపర్లు ఎక్కువే తెచ్చి పెట్టుకోండి, డాక్టర్ చెప్పినన్ని రోజులూ పొడి కలిపి ఇవ్వండి. మా ఆవిడకు మూడోరోజు సాయంత్రం పొట్ట మెత్తబడింది. ఆ రాత్రి పప్పన్నం అడిగి పెట్టించుకుంది.

చుట్టాలు ఆముదం పట్టమంటారు. అడ్డం ఉన్నప్పుడు ఆముదం పేగును మెలిపెట్టి నొప్పి తెస్తుంది, వద్దు. ఇసబ్‌గోల్ కూడా ఆ సమయంలో వద్దు. నీళ్ళు సరిగా తాగని మనిషికి అది లోపల ఉబ్బి ముద్దకు ముద్ద తోడవుతుంది. మింగడం కష్టమైన వాళ్ళకు లిక్విడ్ పారఫిన్ (మలబద్ధకానికి ఇచ్చే నూనె మందు) పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మళ్ళీ రాకుండా ఉండాలంటే మందుల చీటీ మొత్తం డాక్టర్ ముందు పెట్టండి. మూత్రం ఆపే మాత్రలు, ఐరన్, కాల్షియం, నొప్పులకు ట్రమడాల్, నిద్రకో నరాలకో ఇచ్చే అమిట్రిప్టిలిన్, జలుబు మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు, ఇవన్నీ బిగించేవే. మా ఆవిడకు ఆ మూత్రం మాత్ర ఆపించాక సగం సమస్య పోయింది. ఇట్టాంటి మాత్రల్లో కొన్ని మతిమరుపును కూడా పెంచుతాయి. నీళ్ళు అడిగి ఇస్తే తాగరు, గంటకోసారి చిన్న గ్లాసుతో చేతిలో పెట్టి మనమూ పక్కన తాగితే తాగుతారు. మజ్జిగ, పుచ్చకాయ ముక్కలు, పల్చటి రాగిజావ, ఏదైనా సరే. గుండె, కిడ్నీ జబ్బులుంటే ఎంత ఇవ్వాలో డాక్టర్‌ని అడగండి. తోటకూర, బొప్పాయి, జామ అడ్డం తొలగాక పెట్టండి. మధ్యాహ్నం, సాయంత్రం వరండాలో నాలుగడుగులు నడిపించండి. క్యాలెండర్‌లో మూడు రోజులు గట్టి మోషన్ లేకపోతే నాలుగోరోజు దాకా ఆగకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి.

గోడకు, బట్టలకు పూస్తుంటే

కావాలని చేయడం లేదు. వెనక ఏదో ఇబ్బందిగా ఉంది, చెయ్యి పెట్టింది, చేతికి అంటింది, ఏం చెయ్యాలో తెలియక తుడిచింది. అంతే జరిగింది. కాబట్టి ముందు పైన చెప్పిన ముద్ద ఉందేమో చూడండి, తర్వాత నులిపురుగులు, ఒరిసిన చర్మం. గోళ్ళు కత్తిరించి ఉంచండి. చేతులు గోరువెచ్చని నీళ్ళలో ముంచి సబ్బుతో ఆడుకున్నట్టు కడిగించండి, గోళ్ళు కూడా శుభ్రమవుతాయి.

కడిగేటప్పుడు తిరగబడితే భయపడిందని అర్థం. పైభాగం టవల్‌తో కప్పి ఉంచి, ఇంకో టవల్ చేతికిచ్చి పట్టుకోమనండి. ‘ఏం కాలేదులే, నీళ్ళు ఒలికినయ్, చీర మార్చుకుందాం రా’ అంటే మా ఆవిడ లేచి వస్తుంది. ‘మళ్ళీ చేశావా’ అంటే మంచం కోడు పట్టుకుని వదలదు. చర్మాన్ని రుద్దకుండా అద్ది తుడవండి, యాంటిసెప్టిక్ లిక్విడ్ నీళ్ళు వాడకండి, మండుతుంది. ఎర్రబడితే జింక్ ఆక్సైడ్ పూత పల్చగా రాయండి. ఒకరే ఏళ్ళ తరబడి చేస్తే మనసు విరిగిపోతుంది, నాకూ విరిగింది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబర్ 14416కి చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

పేగు గడ్డలు, థైరాయిడ్, నరాల సమస్యల సంగతి డాక్టర్ చూసుకుంటారు, వాటి వెంట మీరు పడకండి. కానీ మలంలో రక్తం, తారులా నల్లటి మలం, జ్వరం, పొట్ట ఉబ్బి వాంతులు, మూత్రం పూర్తిగా ఆగిపోవడం, ఒక్కరోజులో మనిషి మారిపోవడం, ఇందులో ఏది కనిపించినా తెల్లారేదాకా చూడకండి. 108కి ఫోన్ చేసి ఒంగోలో నెల్లూరో, ఏది దగ్గరైతే అక్కడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి.

మామూలుగా చూపించడానికి వెళ్ళినప్పుడు ‘లూజ్ మోషన్స్ సార్’ అని చెప్పకండి. అట్టా చెబితే రద్దీలో ఆపే మాత్ర రాసి పంపేసే వీలుంది. క్యాలెండర్ కాగితం చించి చేతికివ్వండి. ‘గట్టి మోషన్ అయి ఇన్ని రోజులైంది, ఇప్పుడు నీళ్ళలా కారుతోంది, ఒకసారి పొట్ట నొక్కి చూడండి, వేలితో పరీక్ష చేయండి’ అని నోరు తెరిచి అడగండి. మొహమాటపడకండి. మా ఆవిడ తరఫున ఆ మాట అడగాల్సింది నేనే, మీ ఇంట్లో మీరే.