అమ్మేసిన పాత కారు మళ్ళీ కావాలనిపిస్తే: విజయనగరం, శ్రీకాకుళం వాసులకు కొన్ని సూచనలు

పాత మారుతి 800నో అంబాసిడర్‌నో అమ్మేసి, ఆ డబ్బు ఖర్చయిపోయిన తరువాత ఎందుకు అమ్మానా అని బాధపడేవారు మన రెండు జిల్లాల్లోనూ తక్కువేమీ కాదు. కొత్త బండి వచ్చాక వాకిట్లో చోటు చాలక ఇచ్చేసినవారు, పదిహేనేళ్ళ రిజిస్ట్రేషను గడువు దగ్గరపడుతోందని తొందరపడినవారు, తండ్రి పోయాక ఆయన నడిపిన బండిని రోజూ చూడలేక అయినకాడికి వదిలించుకున్నవారు, కొంతకాలం గడిచాక ఒకే ప్రశ్న అడుగుతారు: ఆ బండి ఇప్పుడు ఎక్కడుంది, తిరిగి తెచ్చుకోవచ్చా? చాలా సందర్భాల్లో తెచ్చుకోవచ్చు. కానీ తెచ్చుకోవాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం ఇంజనును బట్టో ధరను బట్టో కాక, బండి రేకును బట్టి తీసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. దానికి కారణం వివరంగా చెబుతాను. దానికన్నా ముందు బండి దొరకాలి కదా.

వెతకడం మొదలుపెట్టే ముందు ఒక అపోహను తొలగించుకోవాలి. పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు కారు రోడ్డెక్కకూడదన్న మాట ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతాల విషయంలో వచ్చిన ఆంక్షల వల్ల దేశమంతటా పాకింది. మన దగ్గర అటువంటి నిషేధం లేదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్ళు చెల్లుతుంది; ఆ తరువాత బండి ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గితే ఐదేసి ఏళ్ళ చొప్పున పొడిగించుకోవచ్చు. ఖర్చు మాత్రం పెరిగింది. అంతకుముందు 600 రూపాయలున్న కారు రిజిస్ట్రేషను పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 రూపాయలైంది. 20 ఏళ్ళు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దానిని 10,000 చేశారు. గడువు దాటాక ఆలస్యమైన ప్రతి నెలకూ 500 రూపాయల అదనపు రుసుము, దీనికి తోడు హరిత పన్ను ఉంటాయి. మారుతి 800 తయారీ 2014 జనవరిలోనూ, అంబాసిడర్ తయారీ అదే ఏడాది మే నెలలోనూ ఆగిపోయాయి కాబట్టి, వాటిలో అత్యధిక భాగం ఇప్పటికే ఈ పునరుద్ధరణల లెక్కలోకి వచ్చేశాయి. అంటే మీరు వెతుకుతున్న బండికి రిజిస్ట్రేషను గడువు ఉందా, ఎన్ని నెలల క్రితం తీరిపోయింది అన్నది మీ బేరంలో పెద్ద అంశం అవుతుంది.

ముందు కాగితాలు, తరువాత మనుషులు

ఇంట్లో పాత బీమా పత్రమో, సీ బుక్కు జిరాక్సో, అమ్మినప్పుడు రాసుకున్న కాగితమో తప్పక ఉంటుంది. దాని నుంచి రిజిస్ట్రేషను నంబరు, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు విడిగా రాసుకోవాలి. రిజిస్ట్రేషను నంబరును కేంద్ర రవాణా శాఖ వారి ఎంపరివాహన్ యాప్‌లో కొడితే యజమాని పేరు అక్షరాలు మరుగుచేసి కనిపిస్తుంది; బండి ఏ రవాణా కార్యాలయం పరిధిలో ఉంది, ఫిట్‌నెస్, బీమా, కాలుష్య ధ్రువపత్రం ఎప్పటివరకు చెల్లుతాయి అన్నవి స్పష్టంగా తెలుస్తాయి. చిరునామా దొరకదు, దొరకకూడదు కూడా. అయినా ఆ కొద్ది సమాచారం చాలా చెబుతుంది. బీమా ఈ ఏడాది కట్టి ఉంటే బండి తిరుగుతోందని అర్థం. బీమా, ఫిట్‌నెస్ రెండూ ఏళ్ళ క్రితమే తీరిపోయి ఉంటే అది ఏ షెడ్డు వెనకో చెట్టు కిందో నిలబడి ఉండవచ్చు, లేదా ఇనుప సామాను దుకాణానికి చేరి ఉండవచ్చు.

ఇక్కడ కొందరికి ఊహించని విషయం బయటపడుతుంది: బండి ఇంకా తమ పేరునే ఉంటుంది. యజమాని పేరు మార్పుకు వాడే 29, 30 ఫారాలను సంతకాలు చేసి బ్రోకరు చేతిలో పెట్టి వచ్చేస్తే, అతను వాటిని అలాగే తరువాతి కొనుగోలుదారుకు అందించడం, ఆయన మరొకరికి అందించడం మామూలే. దీనిని అదృష్టంగా భావించి బండి మీద హక్కు తమదేననుకోకూడదు. డబ్బు పుచ్చుకుని బండి అప్పగించాక సొత్తు కొన్నవారిదే. మీకు మిగిలేది బాధ్యత మాత్రమే. రికార్డులో పేరున్న వ్యక్తినే యజమానిగా పరిగణించి ప్రమాద పరిహారం చెల్లించాలని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. కాబట్టి బండి తిరిగి కొన్నా కొనకపోయినా, ఈ సంగతి తెలిసిన మరునాడే అమ్మకపు కాగితం నకలుతో రవాణా కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేసి, రసీదు తీసుకోవాలి. చట్టం ప్రకారం అమ్మినవారు 14 రోజుల్లోనూ, కొన్నవారు 30 రోజుల్లోనూ ఈ మార్పును తెలియజేయవలసి ఉంది. మీ పేరున వచ్చిన ఈ-చలానాలు ఏవైనా ఉంటే వాటిలోని కూడలి పేరు, తేదీ చూడండి. బండి ఏ ఊళ్ళో తిరుగుతోందో అంతకన్నా కచ్చితంగా చెప్పే ఆధారం మరొకటి ఉండదు.

బండి వేరొకరి పేరు మీదకు మారి ఉంటే అసలు వెతుకులాట మనుషుల మధ్య సాగాలి. ముందు అమ్మిపెట్టిన బ్రోకరును అడగాలి, అయితే బండి ఎందుకు కావాలో ఆయనకు చెప్పనవసరం లేదు. ఆయన కన్నా మెకానిక్కులు, టింకరింగు పనివారు, బీమా ఏజెంట్లు ఎక్కువ గుర్తుపెట్టుకుంటారు, ఎందుకంటే ఆ బండి యజమానులు మారినా వారి చేతికే వస్తూ ఉంటుంది. విజయనగరంలో అమ్మిన బండి గజపతినగరం, బొబ్బిలి, రాజాం దారుల్లోని ఊళ్ళకు చేరడం సహజం. 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళిన సాలూరు లారీల ఊరు కావడంతో అక్కడి షెడ్లలో వాకబు చేయడం ఎప్పుడూ వృథా కాదు. శ్రీకాకుళం వైపు అయితే నరసన్నపేట, టెక్కలి, పలాస వరకు జాతీయ రహదారి వెంట అడగాలి. అడిగేటప్పుడు మోడలు, రంగు చెబితే సరిపోదు. తెల్ల మారుతులు ఊరికి ఎన్నో ఉంటాయి. వెనక అద్దం మీద మీరు అంటించిన దేవుడి బొమ్మ, ఎడమ తలుపు మీద సొట్ట, మార్పించిన సీట్ల రంగు వంటి గుర్తులే మెకానిక్కు జ్ఞాపకాన్ని కదిలిస్తాయి.

పాతపట్నం దాటితే పర్లాకిమిడి, పార్వతీపురం దాటితే రాయగడ; కాబట్టి బండి ఒడిశా వెళ్ళి ఉండే అవకాశం ఎక్కువే. ఇక్కడి రవాణా కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రంతో (ఎన్‌ఓసీ) వెళ్ళి అక్కడ తిరిగి రిజిస్టరయితే నంబరు గజపతి జిల్లాలో ఓడీ 20గానో, రాయగడలో ఓడీ 18గానో మారి ఉంటుంది. అటువంటి బండిని ఛాసిస్ నంబరుతోనే పోల్చుకోవాలి. తెచ్చుకున్నా పాత ఏపీ 35, ఏపీ 30 నంబర్లు తిరిగి వస్తాయని ఆశ పెట్టుకోకూడదు. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే శ్రేణి నడుస్తోంది. ఆ నంబరు పలక కోసమే బండి కావాలనుకునేవారు ఇక్కడే ఆగిపోవడం మంచిది. బండిని అధికారికంగా తుక్కు చేసి రిజిస్ట్రేషను రద్దు చేసి ఉంటే వెతకడానికి ఏమీ మిగలదు.

యజమానిని కలిసినప్పుడు

ఆయన మీకు తెలియని మనిషి, బండి ఆయన ఇంటిది. ఫోనులో బేరం మొదలుపెట్టకుండా, మధ్యవర్తిగా ఇద్దరికీ తెలిసిన మెకానిక్కును తీసుకుని వెళ్ళి, ఒకప్పుడు ఈ బండి మా ఇంట్లో ఉండేదని, అమ్మే ఆలోచన ఉంటే మాకే ఇవ్వమని మర్యాదగా అడగాలి. నిజం దాచి కొత్త కొనుగోలుదారులా నటించమని కొందరు సలహా ఇస్తారు. ఊళ్ళలో అది రెండు రోజులు కూడా దాగదు, తెలిశాక ధర రెట్టింపవుతుంది. అయితే మొదటిసారి పిల్లలనూ పెద్దలనూ అందరినీ వెంటబెట్టుకుని వెళ్ళవద్దు. స్టీరింగు పట్టుకుని అమ్మ కళ్ళు తుడుచుకున్న తరువాత బేరం ఆడటం ఎవరి వల్లా కాదు. “ఇది మా పిల్లడు బడికెల్లే బండి, ఇవ్వలేం బాబూ” అని ఆయన అంటే ఒత్తిడి చేయకుండా, అమ్మదలచినప్పుడు ముందుగా తెలియజేయమని ఫోను నంబరు రాసిచ్చి రావాలి. పండుగలకు ఒక పలకరింపు ఆ నంబరును ఆయన గుర్తుంచుకునేలా చేస్తుంది.

రేకు చూడటం

ఇక అసలు విషయం. మారుతి 800లోని 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజను తెలియని మెకానిక్కు మన ప్రాంతంలో ఉండడు. పొగ వస్తున్నా, ఆయిలు తాగుతున్నా దానిని విప్పి బాగుచేయించవచ్చు, కుదరకపోతే మరో ఇంజను వేయించి సీ బుక్కులో నమోదు చేయించవచ్చు. సీట్లు కుట్టించవచ్చు, గేర్‌బాక్సు మార్చవచ్చు. కానీ ఈ కార్లలో విడిగా ఛాసిస్ చట్రం ఉండదు. రేకుతో చేసిన బాడీయే బరువంతా మోస్తుంది. అడుగు రేకు, తలుపుల కింది పెట్టె భాగాలు తుప్పు తింటే బండి బలమే పోయినట్టు. వెల్డింగు చేయిస్తూ పోతే మీరు ప్రేమించిన బండి కొద్దికొద్దిగా మాయమై దాని ఆకారంలో కొత్త రేకు మిగులుతుంది, ఖర్చు బండి ధరను దాటుతుంది.

అందువల్ల పగటి వెలుతురులో, బండి పొడిగా ఉన్నప్పుడు చూడాలి. తడి మీద సొట్టలూ పుట్టీ మెరకలూ కనిపించవు. కాళ్ళ కింది పట్టాలు ఎత్తించి అడుగు రేకును స్క్రూడ్రైవరు పిడితో తట్టాలి. గట్టి రేకు మోగుతుంది, పుచ్చిన రేకు దిగబడుతుంది. డిక్కీలో స్టెప్నీ గుంట, బ్యాటరీ కింది పళ్ళెం, ముందు షాకబ్జార్బర్లు పైన బిగిసే చోటు, జాకీ పెట్టే చోట్లు, ముందు అద్దం రబ్బరు అంచులు తప్పనిసరిగా చూడవలసినవి. కొత్త రంగు మెరుస్తుంటే ఒక చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి తలుపుల కింది అంచుల మీద నడిపించండి. అతుక్కోని చోట పుట్టీ దట్టంగా ఉందన్నమాట. షాకబ్జార్బరు బిగిసే చోట తుప్పు లోతుగా ఉన్నా, అడుగు రేకు రెండు వైపులా కంతలు పడినా బండి వదిలేయమనే చెబుతాను, అది ఎవరి జ్ఞాపకమైనా సరే.

భీమునిపట్నం, కళింగపట్నం, బారువ వంటి తీరపు ఊళ్ళలో ఉన్న బండికి ఈ పరీక్ష మరింత కఠినంగా చేయాలి, ఉప్పుగాలి రేకును లోపలి నుంచి తినేస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు బండి పలాస, వజ్రపుకొత్తూరు వైపో వంశధార ఒడ్డు ఊళ్ళలోనో ఉండి ఉంటే, నీట మునిగిందా, చెట్టు పడిందా అని నేరుగా అడగాలి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తే బురద చార, సీటు పట్టాల బోల్టుల మీద తుప్పు జవాబును బయటపెడతాయి.

ఛాసిస్ నంబరును రేకు మీద అచ్చులో చదివి సీ బుక్కుతో సరిచూడాలి. గ్యాసు కిట్టు బిగించి ఉంటే అది సీ బుక్కులో నమోదైందో లేదో చూడాలి. లేకపోతే ఫిట్‌నెస్ దగ్గర ఆగిపోతుంది. ధర గురించి ఒక్క మాట: మీరు అమ్మిన ధరను కొలతగా పెట్టుకోవద్దు, ఇన్నేళ్ళు ఆయన బండిని ఎలా చూసుకున్నాడో అదే కొలత. రేకు పని, రిజిస్ట్రేషను, బకాయి చలానాల మొత్తాన్ని కాగితం మీద వేసి ఆయన ముందే తగ్గించి అడిగితే గౌరవంగా ఉంటుంది. సీ బుక్కులో ఫైనాన్సు నమోదు ఉంటే, అప్పు తీరినట్టు కంపెనీ పత్రం, ఆ నమోదును తొలగించే 35వ ఫారం చేతికొచ్చేదాకా మొత్తం డబ్బు ఇవ్వకూడదు. ఈసారి 29, 30 ఫారాలను ఎవరి చేతికీ అప్పగించకుండా మీరే వెంట ఉండి పేరు మార్పించుకోండి, బీమాను కూడా 14 రోజుల్లోగా మార్పించుకోండి.

ఇంటికి తెచ్చాక

దూరం తిప్పే ముందు బ్రేకు సిలిండర్లు, బ్రేకు నూనె, పెట్రోలు ట్యాంకు శుభ్రం చేయించడం అత్యవసరం. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. కార్బ్యురేటరు కాలపు రబ్బరు పైపులూ వాషర్లూ దాని కోసం చేసినవి కావు కాబట్టి వాటిని ముందుగానే మార్పించి, ట్యాంకు నింపి బండిని నెలల తరబడి కదపకుండా ఉంచక వారానికొకసారైనా తిప్పాలి. టైర్ల పక్క చివరి నాలుగు అంకెలు అవి తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతాయి. గీతలు ఎంత లోతుగా కనిపించినా, ఏళ్ళు గడిచి గట్టిపడిన టైర్లతో విశాఖ రహదారి ఎక్కకూడదు. వానాకాలంలో ప్లాస్టిక్ కవరు కప్పవద్దు, అది చెమ్మను పట్టి ఉంచుతుంది. పైన రేకుల షెడ్డు, పక్కల గాలి ఆడే చోటు చాలు. ఏటా వానలకు ముందు కింద బాడీకి తుప్పు పట్టని పూత వేయించండి.