వైఫై మాటిమాటికీ తెగుతోందా? ముందు తప్పు ఎక్కడుందో తేల్చండి

నెట్ ఆగగానే అందరూ అనే మాట ఒకటే: "వైఫై రావట్లేదు." నిజానికి ఫోన్ నుంచి రౌటర్ దాకా ఉన్నదే వైఫై. రౌటర్ దాటాక ఉన్నది లైను. ఏది తెగుతోందో తేల్చకుండా కొత్త రౌటర్ కొంటే డబ్బు దండగ.

తేల్చడానికి ల్యాప్‌టాప్‌ను వైఫైకే కలిపి ఉంచి, రెండు కమాండ్ విండోలు తెరవండి. ఒకదాంట్లో రౌటర్ అడ్రస్‌కి, ఇంకోదాంట్లో 8.8.8.8కి (బయట ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్) పింగ్ పెట్టి వదిలేయండి. పింగ్ అంటే అవతలి నుంచి జవాబు వస్తోందా, ఎంతసేపట్లో వస్తోందో చూపే కమాండ్. రౌటర్ అడ్రస్ చాలావరకు 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఉంటుంది. విండోస్‌లో చివర మైనస్ టీ (-t) తగిలించకపోతే నాలుగు జవాబులకే ఆగిపోతుంది. ఇక నెట్ తెగిన క్షణంలో రెండు విండోలూ చూడండి.

రౌటర్ నుంచి జవాబు రెండు మూడు మిల్లీసెకన్లలో వస్తూనే ఉండి, 8.8.8.8 మాత్రమే ఆగితే లోపం లైనులో ఉంది. రౌటర్ జవాబే 200, 500 అంటూ ఎగిరెగిరి పడుతుంటే వైఫైలో ఉంది. రెండూ బాగానే ఉండి సైట్లు మాత్రం తెరుచుకోకపోతే డీఎన్ఎస్‌ను (సైటు పేరును అంకెల అడ్రస్‌గా మార్చే సేవ) అనుమానించండి. రౌటర్ సెట్టింగుల్లో 1.1.1.1, 8.8.8.8 పెట్టి చూడండి.

రెండూ ఒకేసారి ఆగి, రౌటర్ లైట్లన్నీ ఆరి మళ్లీ వెలుగుతున్నాయి
రౌటర్ దానంతటదే రీస్టార్ట్ అవుతోంది. చాలాసార్లు దోషం పాతబడిన అడాప్టర్‌ది. కొత్తది కొనేటప్పుడు వోల్టులు పాతదానితో సరిగ్గా సరిపోవాలి, ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండాలి, పిన్ను సైజూ పోలారిటీ కూడా కలవాలి.

రౌటర్ ముందు బాగుంటుంది, లోపలి గదిలో తెగుతుంది
గీతలు లెక్కపెట్టకండి, వైఫై ఎనలైజర్ యాప్‌లో డీబీఎం అంకె (సిగ్నల్ బలం; మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ బలహీనం) చూడండి. మైనస్ 50 దగ్గరుంటే భేష్. మైనస్ 67 దాకా వీడియో కాల్ నిలబడుతుంది. మైనస్ 75 దాటితే తెగడం మొదలు. కాంక్రీటు గోడ, ఇనప బీరువా, పెద్ద అద్దం, నీళ్ల తొట్టి సిగ్నల్‌ను మింగేస్తాయి. రౌటర్‌ను టీవీ వెనక నుంచి తీసి ఇంటి మధ్యలో, ఎత్తులో పెట్టండి.

రిపీటర్ కొనేవాళ్లు దాన్ని సరిగ్గా సిగ్నల్ లేని గదిలోనే తగిలిస్తారు. దానికే అందనిది అది ఏం పంచుతుంది? సగం దారిలో, సిగ్నల్ ఇంకా బలంగా ఉన్నచోట పెట్టాలి. ఒకే బ్యాండ్ (2.4 గానీ 5 గానీ గిగాహెర్ట్జ్) మీద నడిచే రిపీటర్ వేగాన్ని దాదాపు సగానికి కోసేస్తుంది. అంతకంటే కేబుల్ లాగి, రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (వైఫై మాత్రమే పంచేలా) పెట్టడం మేలు. ఆ మోడ్ లేకపోతే కేబుల్‌ను దాని ల్యాన్ పోర్టులో గుచ్చి, డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీ అడ్రస్‌లు పంచే పని) ఆపేసి, అడ్రస్ మొదటి రౌటర్‌తో కలవకుండా మార్చండి. డీహెచ్‌సీపీ మరిచిపోతే రెండు రౌటర్లూ ఐపీలు పంచుతూ కొత్త తలనొప్పి తెస్తాయి.

సిగ్నల్ నిండుగా ఉంది, అయినా నత్తనడక
2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని ఛానళ్లు 1, 6, 11. ఖాళీగా ఉంది కదా అని 3 ఎంచుకుంటే 1తోనూ 6తోనూ గొడవే. ఆ మూడింట్లో రద్దీ తక్కువున్నది పెట్టి, ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చేయండి. మైక్రోవేవ్ ఓవెన్ నడుస్తున్నంతసేపే ఇబ్బంది ఉంటే కారణం అదే. రౌటర్‌కో ల్యాప్‌టాప్‌కో తగిలించిన యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ కూడా ఇదే బ్యాండ్‌లో రొద పుట్టిస్తుంది. దీన్ని ఎవరూ అనుమానించరు. దగ్గర్లో వాడే పరికరాలను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి.

5 గిగాహెర్ట్జ్ పేరు మాయమై, నిమిషం తర్వాత తిరిగొస్తుంది
52 నుంచి 144 దాకా ఉన్న ఛానళ్లు రాడార్లవి కూడా. రాడార్ అలికిడి తగిలితే రౌటర్ ఆ ఛానల్ ఖాళీ చేసి తీరాలి. అదే కోవలోని మరో ఛానల్‌కు మారితే, అక్కడ ప్రసారం మొదలుపెట్టేముందు కనీసం 60 సెకన్లు వినాలి. ఛానల్ సెట్టింగులో ఆటో తీసేసి 36 నుంచి 48లో ఒకటి పెట్టండి.

ఎవరైనా ఫోటోలు అప్‌లోడ్ చేస్తే అందరికీ ఆగిపోతుంది
అప్‌లోడ్ క్యూ నిండిపోతోంది. రౌటర్‌లో క్యూఓఎస్ (ఏ పనికి ఎంత వేగమో పంచే సెట్టింగు) ఉంటే అప్‌లోడ్ పరిమితిని అసలు వేగంలో 85-90 శాతానికి కుదించండి.

లైనుదే లోపమని తేలితే
ఫైబర్ పెట్టె మీద ఎల్ఓఎస్ (లాస్ ఆఫ్ సిగ్నల్) లైటు ఎర్రగా ఉంటే వెలుతురు అందట్లేదన్నమాట. తీగ ఎక్కడైనా మడత పడిందేమో, బీరువా కింద నలిగిందేమో చూడండి. కొన మాత్రం విప్పొద్దు. లైటు మామూలుగానే ఉంటే తెగిన సమయాలు రాసిపెట్టుకుని, రెండు పింగ్ విండోలూ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి ఫిర్యాదుకు జతచేయండి. "రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి" అనే మొదటి సలహాను దాటిపోవడానికి అది చాలు.