పంటి వేరు దగ్గర చీముందేమో చూడ్డానికి ఏ ఎక్స్‌రే తీయించుకోవాలి?

శ్రీకాకుళంలో పంటి ఎక్స్‌రేలు తీయడం నా పని. పన్ను నొప్పని వచ్చేవాళ్లు చాలామంది ముందే ఓ పెద్ద ఓపీజీ ఫిల్మ్ (రెండు దవడలూ పళ్లన్నీ ఒకేసారి పడే ఎక్స్‌రే) సంచిలో పెట్టుకుని వస్తారు, "నోరంతా పడింది కదా బాబూ, మళ్లీ ఇంకోటి ఏటికి?" అంటారు. నోరంతా పడిన మాట నిజమే గానీ, మనకి కావాల్సిన ఆ ఒక్క వేరు చివర మసకగా పడి ఉండొచ్చు. ముఖ్యంగా ముందు పళ్ల దగ్గర మెడ ఎముక నీడ వచ్చి మీద పడుతుంది. జ్ఞానదంతం ఎలా ఉంది, దవడలో పెద్ద గడ్డ ఏమైనా ఉందా అన్నవాటికి ఓపీజీ మంచిది, వేరు చివర చీము వల్ల పడే చిన్న నల్ల మచ్చకి కాదు.

ఒక పన్ను మీదే అనుమానమైతే మొదట తీయించాల్సింది ఐఓపీఏ, అంటే నోట్లో పెట్టి తీసే చిన్న ఎక్స్‌రే. ఆర్వీజీ అన్నా ఇదే, ఫిల్మ్ బదులు సెన్సర్ ఉంటుంది, బొమ్మ వెంటనే కంప్యూటర్‌లో వచ్చేస్తుంది. సెన్సర్ వెనక్కి పెట్టగానే వాంతొచ్చేలా ఉంటే ముక్కుతో ఊపిరి తీస్తూ ఒక కాలు కాస్త పైకెత్తి పట్టుకోండి, ధ్యాస అటు పోతుంది. బొమ్మ వచ్చాక మీరూ ఒకసారి చూడండి: వేరు చివరతో ఆగిపోకుండా, దాని చుట్టూ ఓ రెండు మూడు మిల్లీమీటర్ల ఎముక కూడా పడాలి. వేరు తెగిపోయినట్టు పడితే మొహమాటపడకుండా మళ్లీ తీయమనండి.

అవసరమైతే రెండోది ట్యూబ్‌ని పక్కకి జరిపి తీస్తారు. డబ్బుల కోసం అనుకోకండి. కింది దవడలో చిన్న దవడ పళ్ల వేర్ల దగ్గర నరం బయటికొచ్చే రంధ్రం ఒకటి ఉంటుంది, అది అచ్చం చీము మచ్చలాగే నల్లగా గుండ్రంగా కనిపిస్తుంది. కోణం మారిస్తే రంధ్రం వేరు నుంచి పక్కకి జరుగుతుంది, అసలు జబ్బు మచ్చయితే వేరునే అంటిపెట్టుకుని ఉంటుంది.

ఎక్స్‌రే బాగుందంటే జబ్బు లేదని కాదు. ఎముకలో ఖనిజం దాదాపు 30 నుంచి 50 శాతం పోతే గానీ మామూలు ఎక్స్‌రేలో నలుపు తేలదు. 1961లోనే బెండర్, సెల్ట్జర్ అనే ఇద్దరు చనిపోయినవాళ్ల దవడ ఎముకల్లో రంధ్రాలు చేసి చూశారు, లోపలి మెత్తటి ఎముక వరకే ఉన్న రంధ్రాలు ఫిల్మ్‌లో పడనే లేదు, పైన గట్టి పొర దెబ్బతిన్నాకే కనిపించాయి. అందుకే డాక్టరు పన్ను మీద తట్టి, చల్లటిది పెట్టి చూడకుండా ఫొటో ఒక్కటే చూసి తేల్చేస్తే నాకైతే నచ్చదు.

ఐఓపీఏలో తేలకపోతే, లేదా రూట్ కెనాల్ చేశాక కూడా నొప్పి పోకపోతే అప్పుడు సీబీసీటీ, అంటే దవడని త్రీడీలో చూపించే స్కాన్. పై దవడ పళ్లకి ఇది బాగా పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ చెంప ఎముక, సైనస్ నీడలు వేర్ల మీద పడి అంతా గజిబిజిగా ఉంటుంది, ఇందులోనైతే ముక్కలు ముక్కలుగా కోసినట్టు చూడొచ్చు. దవడంతా కాకుండా ఆ పన్ను వరకే చిన్న స్కాన్ చాలేమో అడగండి, రేడియేషనూ తగ్గుతుంది, బొమ్మా స్పష్టంగా వస్తుంది. పక్కన మెటల్ క్యాప్ ఉంటే మాత్రం చారలు పడి లేని మచ్చ ఉన్నట్టు చూపిస్తుంది, ముందే చెప్పండి.

రేడియేషన్ టెన్షన్ చాలామందికి ఉంటుంది. డిజిటల్ ఐఓపీఏ ఒకటి కొన్ని మైక్రోసీవర్ట్‌లే (రేడియేషన్ కొలత), ఊరికే ఇంట్లో కూర్చున్నా ప్రకృతి నుంచి మనకి ఏడాదికి సుమారు 2400 అందుతాయి. సీబీసీటీ అలా కాదు, పదుల్లో ఉంటుంది, పెద్ద స్కానైతే వందల్లోకి పోతుంది. గర్భిణీ అయితే ముందే చెప్పాలి.

కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వైపు నుంచి వచ్చేవాళ్లు కిడ్నీల గురించి అడుగుతారు, అది న్యాయమైన భయమే. ఈ మూడింటిలో దేనికీ డై ఎక్కించరు, కిడ్నీకి ఇబ్బందేం లేదు. భయపడాల్సింది షాపులో కొనుక్కుని రోజుల తరబడి మింగే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలకి.

చికిత్స అయ్యాక మచ్చ వారంలో పోదు, ఎముక నెమ్మదిగా పూడుతుంది. ఏడాదికి అదే కోణంలో ఇంకో ఐఓపీఏ తీయించి పాతదాని పక్కన పెట్టి చూడాలి, కొందరికి నాలుగేళ్ల దాకా కూడా పడుతుంది. కాబట్టి స్క్రీన్‌ని ఫోన్‌తో ఫొటో తీసుకుని సరిపెట్టుకోకుండా ఒరిజినల్ ఫైల్ అడగండి, సీబీసీటీ అయితే సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో ఇస్తారు.