వానలకు ముందే చూసుకోవాలి: పాత కారు సస్పెన్షన్ బోల్టులకు తుప్పు పడితే

ఇది మే నెలలో తేల్చుకోవాల్సిన పని. పదిహేనేళ్లు దాటి, రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుని ఇంకా నడుపుతున్న కారు, అందులోనూ విశాఖ, భీమిలి, కాకినాడ, మచిలీపట్నం వైపు తిరిగిన కారు మీ దగ్గర ఉంటే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది వైపు ఛాసిస్‌కు కలిపే చెయ్యి) బుష్‌లు మార్చడానికి జూన్ దాకా ఆగకండి. సముద్రపు గాలిలోని ఉప్పు ఇనుము మీద పేరుకుని, గాలిలో తేమను లాక్కుంటూ బోల్టును ఎప్పుడూ చెమ్మగానే ఉంచుతుంది. హైదరాబాద్‌లో ఉన్నాం, మాకెందుకీ గొడవ అనుకునేవాళ్లు సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి నంబరు ఒకసారి చూసుకోండి. ఏపీ 31 అని ఉంటే అది విశాఖలో రిజిస్టరైన బండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో నీళ్లలో నానిన బళ్లదీ ఇదే కథ. ఇంజిన్, వైరింగ్, సీట్ల మీద ఖర్చు పెట్టినవాళ్లు కింద బోల్టుల దాకా వెళ్లి ఉంటారని నాకు నమ్మకం లేదు.

బోల్టు ఎక్కడ బిగుసుకుంటుందో తెలిస్తే సగం తప్పులు జరగవు. అందరి చూపూ నట్టు మీదే ఉంటుంది. లోయర్ ఆర్మ్ విషయంలో అసలు చిక్కు బుష్ లోపల ఉంటుంది. బుష్ అంటే రబ్బరు, దాని మధ్యలో ఒక ఇనప గొట్టం. బోల్టు ఆ గొట్టంలోంచి పోతుంది. రెంటికీ మధ్య ఉన్న సన్నని సందులోకి నీళ్లు వెళ్తాయి, తొందరగా ఆరవు. తుప్పుగా మారిన ఇనుముకు ముందుకంటే ఎక్కువ చోటు కావాలి కాబట్టి సందు పూడుకుపోయి, బోల్టూ గొట్టమూ ఒకే ముక్క అయిపోతాయి. అప్పుడు నట్టు సుఖంగా ఊడుతుంది, బోల్టు మాత్రం కదలదు. పానాతో తిప్పితే కాస్త తిరిగి, వదలగానే వెనక్కి వచ్చిందంటే తిరిగింది బోల్టు కాదు, రబ్బరు మెలిపడింది. అక్కడితో ఆపండి. ఇంకా బలం పెడితే తల తెగుతుంది.

కొన్ని బళ్లలో బోల్టుకు విడిగా నట్టు ఉండదు. ఛాసిస్ పెట్టె లోపల వెల్డింగ్ చేసిన నట్టులోకి బిగుసుకుంటుంది. ఆ వెల్డింగ్ ఊడిందంటే నట్టు లోపలే గిర్రున తిరుగుతుంది, దాన్ని పట్టుకోవడానికి చెయ్యి పోదు. రేకు కోసి, మళ్లీ అతికించాలి. మీ బండిలో ఏ రకం ఉందో ముందే చూసుకోండి. రెండో రకమైతే, అదీ బాగా తుప్పు పట్టి ఉంటే, ఈ పని ఇంటి దగ్గర పెట్టుకోకండి. వెల్డింగ్, గ్యాస్ కటింగ్ రెండూ ఉన్న షెడ్డుకే తీసుకెళ్లండి.

పాత బోల్టు మీద పానా పెట్టేముందు కొత్తది చేతిలో ఉండాలి. సాయంత్రం ఆరింటికి బోల్టు తెగి, బండి జాకీ మీద ఉండగా దుకాణాల వెంట తిరిగేవాళ్లే హార్డ్‌వేర్ షాపులో ఏదో ఒకటి కొని బిగించేస్తారు. సస్పెన్షన్ బోల్టు తల మీద సాధారణంగా 8.8 అనో 10.9 అనో ఉంటుంది. మొదటి అంకె తెగే బలాన్ని చెబుతుంది: 8 అంటే 800 మెగాపాస్కల్స్, 10 అంటే 1000. పాతదాని మీద ఏది ఉంటే అదే గ్రేడు, అదే పొడవు, మర లేని నున్నటి భాగం కూడా అంతే ఉండాలి. తుప్పు పట్టదు కదా అని స్టెయిన్‌లెస్ స్టీలు (ఎస్ఎస్) బోల్టు వేయించుకునే తెలివి కొందరికి వస్తుంది. మామూలుగా దొరికే ఏ2-70 రకం బలం 700 మాత్రమే, పైగా ఎస్ఎస్ మరలు ఒకదానికొకటి రాసుకుని పట్టేసే గుణం ఉంది. లోపల నైలాన్ రింగు ఉన్న నట్లు ఒకసారి విప్పితే మళ్లీ వాడకండి.

పనికి మూడు నాలుగు రోజుల ముందే వైరు బ్రష్‌తో మరలు గీకి, రస్ట్ స్ప్రే కొట్టండి. రోజూ పొద్దున, సాయంత్రం. మన షెడ్డుల్లో కిరోసిన్, డీజిల్ కూడా పోస్తారు. మార్చేసే బుష్ అయితే ఫర్వాలేదు గానీ, ఉంచే బుష్ మీద పడితే తుడిచేయండి, రబ్బరు ఉబ్బుతుంది. స్ప్రే బ్రేక్ డిస్క్ మీద, ప్యాడ్ల మీద పడకూడదు.

జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకండి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు అసలే వద్దు, అవి చెప్పకుండా పగులుతాయి. గట్టి నేల మీద స్టాండ్లు పెట్టి, విప్పిన చక్రాన్ని ఛాసిస్ కింద పడుకోబెట్టండి. బిగుసుకున్న బోల్టు మీద బలం పెడితే బండి మొత్తం ఊగుతుందని మర్చిపోవద్దు. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి, తుప్పు పెచ్చులు నేరుగా మొహం మీదికే రాలతాయి.

ఆరు మూలల సాకెట్టే వాడండి, పన్నెండు మూలలది తలను గుండ్రంగా అరగదీస్తుంది. ముందు వెంట్రుకవాసి బిగించే వైపు తిప్పి, తర్వాత వదులు చేయండి. కదిలాక పావు చుట్టు వదులు, కొంచెం బిగింపు, మళ్లీ స్ప్రే. బోల్టును సుత్తితో బయటికి కొట్టాలంటే నట్టును చివరిదాకా ఎక్కించి దాని మీద కొట్టండి, లేదంటే మరలు చితికిపోతాయి. షాక్ అబ్జార్బర్‌ను హబ్‌కు కలిపే రెండు బోల్టులకు చాలా బళ్లలో తల కింద పళ్లుంటాయి. అక్కడ బోల్టును కదలకుండా పట్టుకుని నట్టునే తిప్పాలి. ఆ షాక్ పైన, బానెట్ కింద కనిపించే మధ్య నట్టు జోలికి మాత్రం వెళ్లకండి. దాని కింద స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది, స్ప్రింగు కంప్రెసర్ లేకుండా విప్పితే ప్రాణం మీదికొస్తుంది.

ఇక మంట. షెడ్డులో మెకానిక్ మొదట అందుకునేది గ్యాస్ టార్చే. వేడికి బోల్టు వదులుతుంది, నిజమే. కానీ నాలుగు రోజులుగా మీరు కొట్టిన స్ప్రే, కిరోసిన్ అంతా అక్కడే ఉంది, అంటుకుంటుంది. పక్కనే బ్రేక్ హోస్, బాల్ జాయింట్ రబ్బరు ఉంటాయి, కొన్ని బళ్లలో పెట్రోలు పైపు కూడా. గ్యాస్ నింపిన షాక్ అబ్జార్బర్‌ను వేడి చేస్తే పేలొచ్చు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట మంట పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. సీఎన్‌జీ, ఎల్‌పీజీ బళ్లయితే టార్చ్ మాటే ఎత్తనివ్వకండి. మారుస్తున్న బుష్ దగ్గర నాకు నచ్చేది కోత: బుష్‌కూ, ఆర్మ్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే బ్రాకెట్‌కూ మధ్య రెండు వైపులా బోల్టును రంపపు బ్లేడుతో కోసేస్తే ఆర్మ్ మొత్తం ఊడి వస్తుంది. గంట ఎక్కువ పట్టినా బ్రాకెట్ మిగులుతుంది. వేడి తగిలిన బోల్టును మాత్రం ఎంత బాగున్నట్టు కనిపించినా పారేయాలి. వెల్డింగ్ అవసరమైతే బ్యాటరీ నెగటివ్ తీసేయమని చెప్పండి.

బిగించేటప్పుడు బుష్ గొట్టంలోకి వెళ్లే నున్నటి భాగానికి గ్రీజు రాయండి, మరలకు వద్దు. మరలకు రాస్తే టార్క్ రెంచ్ (ఎంత బలంతో తిప్పి బిగిస్తున్నామో, అంటే టార్క్ ఎంతో చూపే పానా) చూపించే అంకె తప్పుతుంది. అన్నిటికంటే ఎక్కువమంది వదిలేసేది ఇంకొకటుంది: రబ్బరు బుష్ బోల్టులను చక్రాలు గాలిలో ఉండగా పూర్తిగా బిగించకూడదు. అలా బిగిస్తే బండి కిందికి దిగాక రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది, కొత్త బుష్ కొన్నాళ్లకే చిరుగుతుంది. చేత్తో పట్టేంత బిగించి, బండిని నేల మీదికి దించి, బరువు పడ్డాక మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కు బిగించాలి. షెడ్డులో చేయిస్తుంటే ఈ ఒక్కటీ పక్కన నిలబడి చూడండి, మొహమాటపడొద్దు.

ఆ తర్వాత నట్టు మీంచి బోల్టు మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీసి, వీల్ అలైన్‌మెంట్ చేయించండి. వారం తిరిగాక కిందికి వంగి చూసినప్పుడు ఆ గీత రెండుగా విడిపోయి కనిపిస్తే నట్టు వదులవుతోందన్నమాట, మళ్లీ టార్క్ చూడాలి.